కరియకు రొమ్ముపట్టీ అలవాటు చేసిన ఎండాకాలం

నాకు కుక్కలంటే భయం. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. పశువైద్యురాలు కుక్కకు భయపడుతుందని తెలిస్తే జనం ముందు నవ్వుతారు, తర్వాత తమ పశువును వెనక్కి తోలుకుపోతారు. అందుకే సర్వీసంతా కుక్క ఎదురైతే చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని తిరిగాను. ఎద్దు కుమ్ముతుందన్నా, బర్రె తన్నుతుందన్నా నాకు లెక్కలేదు. వాటి కోపం దూరం నుంచే తెలిసిపోతుంది. కుక్క ఊరికే నిలబడి చూస్తుందే, ఆ చూపు ముందు నా కాళ్లు ఆగిపోయేవి.

ఇప్పుడు మా శాఖలోకి ఆడపిల్లలు చాలామంది వస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరికైనా ఇలాంటి భయం ఉండే ఉంటుంది. నోరు తెరిచి చెప్పుకోలేని పిల్లలూ ఉంటారు. నేను అలాంటిదాన్నే. పగలు నాలుగు మాటలు మాట్లాడితే సాయంత్రం డైరీలో నాలుగు పేజీలు రాసుకునేదాన్ని. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లూ ఇన్‌స్పెక్షన్లూ ఇందులో ఉండవు. ఒక కుక్కకు ఒక పట్టీ అలవాటు చేయడానికి పడిన పాట్లు మాత్రం ఉంటాయి. కాలేజీలో నేర్వనిది నాకు అక్కడే వచ్చింది.

తోడేలు కరిచిన మెడ

డెబ్బైల చివర నా మొదటి పోస్టింగు. బత్తలపల్లె దాటి మట్టిరోడ్డున లోపలికి పోతే వచ్చే ఒక ఊరు. రేకుల కప్పు గది, బయట పశువును కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రం, ఇదే ఆసుపత్రి. నాకు తోడు కాంపౌండర్ మౌలాలి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను శస్త్రచికిత్స పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదువుతానని తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. ఆ మర్యాదకు అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వరసగా రెండో ఏడు వానలు లేవు. వేరుశనగ నేలలోనే మాడింది. చెరువు అడుగు నెరలు విచ్చింది. అలాంటి ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే గొర్రెల కాపరి నాగప్ప, అతని భార్య కెంచమ్మ ఒక నల్లకుక్కను కంబళిలో మోసుకొచ్చారు. కుక్క పేరు కరియ. మంద మీద పడిన తోడేలుకు అడ్డం పోయింది. దవడ కింద నుంచి మెడ చుట్టూ చర్మం చీరుకుపోయి ఉంది.

"తోడేలు పారిపోయిందా?" అని అడిగాను.

"యాడ పారిపోతాదమ్మా! కట్టెలతో కొడితే కూడా పోలేదు. కొట్టేవాళ్ల మీదికే వచ్చె. చివరికి సంపి కాల్చేసినాం," అన్నాడు నాగప్ప.

నేనూ మౌలాలి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. దెబ్బలు తింటూ కూడా పారిపోని తోడేలు మంచి తోడేలు కాదు. తల ఉంటే పిచ్చిజబ్బు పరీక్షకు పంపేవాళ్లం. కాల్చేశారు కాబట్టి ఆ దారి లేదు. పిచ్చి పట్టిన తోడేలే కరిచిందని అనుకుని వైద్యం మొదలుపెట్టాలి. అంటే గాయాన్ని సబ్బునీళ్లతో కడిగి కుట్లు వేయకుండా వదలాలి. రోజూ టీకా సూది వేయాలి. సూదులు అయిపోయినా కొన్ని నెలలు కుక్కను కట్టేసి కనిపెట్టి ఉండాలి.

ఆ కాలంలో పిచ్చికుక్క కరిస్తే మనుషులకు బొడ్డు చుట్టూ సూదులు వేసేవారు. అవి వేసుకున్నవాడి కేకలు ఊళ్లో అందరూ విన్నవే. అందుకని కరియ సంగతి మధ్యాహ్నానికల్లా ప్రతి ఇంటికీ తెలిసిపోయింది.

మా పై అధికారి క్యాంపుకు వచ్చినప్పుడు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. విసిగిపోయినవాడు. "గవర్నమెంటు మనల్ని పెట్టింది ఎద్దులకూ బర్రెలకూ. ఊరకుక్క కోసం ఐసు పెట్టి టీకాలు మోయిస్తావా? ఊరివాళ్లు కొట్టేస్తే కొట్టేయనీ. నీ తల మీదికి తెచ్చుకోకు," అన్నాడు. జీపు ఎక్కాక మళ్లీ తల బయటపెట్టి, "టీకాలు కావాలంటే పంపిస్తాలే," అన్నాడు. పై అధికారుల్లో ఈ రకం వాళ్లే మంచివాళ్లు. వద్దంటారు గానీ అడ్డుపడరు.

ముక్కుతాడు బుద్ధి

కట్టేయాలి. ఎలా? మెడంతా గాయమే, తాడు వేయడానికి వీల్లేదు. మూతికి చిక్కం వేద్దామంటే దాని తాళ్లు కూడా చెవుల కింద, సరిగ్గా గాయం మీదే పడతాయి. ముళ్లకంప దొడ్డిలో వదిలితే మంద మేతకు పోగానే కంప కింద నేల తవ్వి వెంట పరుగెత్తింది. పుట్టింది మొదలు గొర్రెల మధ్య తిరిగిన కుక్క. ఒంటరిగా ఉండడం దానికి తెలియదు.

చివరికి మౌలాలి తన బావమరిది జట్కాకు వాడే పాత తోలుపట్టీలు తెచ్చాడు. మెడను తాకకుండా రొమ్ము మీదుగా, ముందుకాళ్ల వెనకగా వీపు మీదికి వచ్చి బిగిసేట్టు కుట్టించాం. ఇప్పుడు పట్నాల్లో దీన్ని హార్నెస్ అంటున్నారు. మేము రొమ్ముపట్టీ అన్నాం.

ఇక్కడ మేమందరం కలిసి ఒక తప్పు చేశాం. ఎద్దుల సీమలో పుట్టినవాళ్లు చేసే తప్పే అది. మా ప్రాంతంలో కోడెకు ముక్కుతాడు వేయడం అంటే నలుగురు పడేసి పట్టుకోవడం, ఒక్క పోటు పొడవడం, తాడు దూర్చడం. కాసేపు ఎగిరి ఊరుకుంటుంది. నాగప్ప అదే అన్నాడు: "ఒకతూరి కట్టేస్తే అదే అలవాటైపోతాదమ్మా." మౌలాలి అదే అన్నాడు. కాలేజీలో నేను నేర్చుకున్నదీ తాళ్ల విద్యే. సరే అన్నాను.

పొద్దున మందను తోలే ముందు నాగప్ప, మౌలాలి కరియను నేలకు అదిమి పట్టుకున్నారు. నేను కాళ్ల మధ్య నుంచి పట్టీ దూర్చి బకిల్ బిగించాను. నా వేళ్ల కింద దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. వదలగానే అది ఎగరలేదు. ఒక్క క్షణం బిర్రబిగిసి నిలబడింది. తర్వాత తిరిగి మౌలాలి చేతి మీదికి దూకింది. చొక్కా చెయ్యి పరపరా చిరిగింది. పట్టీలోంచి ఒక కాలు లాక్కుని, సగం పట్టీ ఈడ్చుకుంటూ ఊళ్లోకి పరుగు తీసింది.

నేను మౌలాలి చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పి తిప్పి చూశాను. గీత కూడా పడలేదు. అయినా సబ్బుతో కడిగాను. అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "అల్లా దయ, డాక్టరమ్మా. చొక్కా పాతదే," అన్నాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

ఊళ్లో రాళ్లు పడుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. కరియ ఎవరినీ కరవలేదు. మందను వెతుక్కుంటూ వీధుల్లో తిరిగి, కుంటుతూ దొడ్డికి వచ్చింది. గాయం మళ్లీ తెరుచుకుంది.

ఆ సాయంత్రం ఊరిపెద్ద చిన్నపరెడ్డి ఆసుపత్రికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చూడమ్మా, నువ్వు చదువుకున్నదానివి. అది ఇంకొకతూరి పట్టీ లేకుండా వీధిలో కనబడితే మా పిల్లోళ్లు కొట్టి సంపుతారు. నేను అడ్డం రాను."

"దొడ్డిలోనే కట్టేసి ఉంచుతాం," అన్నాను.

"ఎన్ని దినాలు ఉంచుతావు? నీళ్లు లేవు, మేయను కసువు లేదు. అమావాస్య పోతానే జీవాలు వలస పోతాండాయి, కాలవల సీమకు. ఊరి నడీదిలోనే దావ. ఆ దినం కుక్క మనిషి చేతిలో పట్టిన పట్టీతో నెమ్మదిగా దాటిందా, సరే. ఎగిరిందా, ఆన్నే అయిపోతాది."

అది బెదిరింపు కాదు. అతనికీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

పట్టీ వస్తే మంద పోతుంది

తర్వాతి రోజుల్లో మేము పట్టీని మార్చాం. తోలు తీసేసి, కెంచమ్మ పాత కంబళిని మడిచి మెత్తని పట్టీ కుట్టి, వీపు దగ్గర పట్టుకోవడానికి ఒక తాడు కట్టింది. ఏం లాభం లేదు. పొద్దున పట్టీ చేతిలో కనబడగానే కరియ పళ్లు బయటపెట్టేది, రోజూ అదిమి పట్టుకునే కట్టాల్సి వచ్చేది.

"దానికి నువ్వంటే పడదులే అమ్మా, సూదులు పొడుస్తావు గదా," అన్నది కెంచమ్మ.

అందులో నిజముంది. ఆ రోజు నుంచి సూది మౌలాలి పని, పట్టీ నా పని అని పంచుకున్నాం. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: నొప్పి పెట్టే చెయ్యి, నమ్మకం అడిగే చెయ్యి ఒకటి కాకూడదు. ఆసుపత్రిలో ఒక్కరే ఉంటే కనీసం వేళలు వేరు చేయండి. కానీ ఇది కూడా సగం కారణమే.

ఒకరోజు ఐసు ఫ్లాస్కులో టీకా తెచ్చే బస్సు దారిలో చెడిపోయింది. పొద్దున పోవలసిన మేము పొద్దు వాలాక దొడ్డికి పోయాం. మంద అప్పుడే మేత నుంచి తిరిగి వచ్చింది. దుమ్ము, గొర్రెపిల్లల అరుపులు, తల్లుల కోసం పరుగులు. పగలంతా కెంచమ్మ కాపలాలో ఉన్న కరియ ఇప్పుడు వాటి మధ్యలో కూర్చుని ఉంది. ఒక పిల్ల దాని వీపు మీద కాలు పెట్టింది. నా భుజం మీద పట్టీ వేలాడుతోంది. దాచుకోవడం మరిచిపోయాను. కరియ లేచి వచ్చింది. నేను కదలలేకపోయాను. అది పట్టీని వాసన చూసింది, తుమ్మింది, వెనక్కి పోయి గొర్రెపిల్లల మధ్య పడుకుంది.

రోజూ పొద్దున పళ్లు చూపించే పట్టీ ఇదే. ఈ సాయంత్రం వట్టి గుడ్డ ముక్క అయింది. రెండింటికీ తేడా ఏమిటి? పొద్దున పట్టీ వచ్చిన వెంటనే మంద వెళ్లిపోతుంది. మేము రోజూ అదే వేళకు, అదే వరసలో చేస్తున్నాం. పట్టీని చూస్తే గొర్రెలు తనను వదిలిపోతాయని ఆ కుక్కకు మేమే నేర్పాం.

నాగప్పతో చెప్పాను.

"పొద్దున కట్టకుంటే ఎనకాల వస్తాది గదమ్మా. అందుకే తోలే ముందర కడతాండాం."

"అవును నాగప్పా. కానీ దానికి తెలిసింది ఏమంటే, కట్టినందుకే మీరు పోతున్నారని."

కెంచమ్మ పక్కన నిలబడి విని, మొగుడి వైపు తిరిగి, "నువ్వు కూడా తువ్వాలు భుజాన ఏసుకుంటే నాకు అట్లే ఉంటాది. సారాయి అంగడికే పోతావని," అన్నది. నాగప్ప తలకాయ దించుకున్నాడు. మౌలాలి దగ్గు వచ్చినట్టు బయటికి పోయాడు.

సాయంత్రాల పని

అమావాస్య దగ్గరపడుతోంది. పొద్దున పట్టీ మానేశాం. పగలు కరియ బయటికి రాకుండా దొడ్డి కంప చుట్టూ బండరాళ్లు పేర్చి, ఇంకో మనిషి ఎత్తు కంప వేశాం. రెండు మూడు గొర్రెపిల్లలను దానికి తోడు వదిలాం. పక్కనే పిల్లలు అరుస్తుంటే అది నేల తవ్వడం మానేసింది. ఆ పని ముందే చేయాల్సింది.

సాయంత్రం మంద రాగానే నేను పోయేదాన్ని. మొదట పట్టీని గొర్రెపిల్లలు పడుకునే చోట వేసి ఉంచాను. తర్వాత కరియ రాగిసంగటి తింటున్నప్పుడు వీపు మీద ఊరికే వేసి తీసేదాన్ని. వేయడం కంటే తీయడం ముఖ్యం. అది విదిలించుకోకముందే మనమే తీసేయాలి. విదిలించుకున్నాక తీస్తే విదిలిస్తే పోతుందని నేర్చుకుంటుంది. తర్వాత రొమ్ము కింద చెయ్యి పోనిచ్చి ముడి వేయడం. బకిల్ పెట్టలేదు. టక్కుమనే ఆ చప్పుడు దానికి మొదటి రోజును గుర్తు చేస్తుందేమోనని.

రొమ్ము కింద చెయ్యి పెట్టాలంటే మొహం దాని నోటికి జానెడు దూరంలో ఉంటుంది. మొదటిసారి ఎంతసేపు అలాగే వంగి ఉన్నానో.

"ఏమ్మా, తలంబ్రాలకు పెండ్లికూతురు వంగినట్ల వంగినావు? బిన్నా కట్టు, సంగటి అయిపోతాంది," అన్నది కెంచమ్మ.

నవ్వొచ్చింది. నవ్వుతూ కట్టేశాను. ఆ నవ్వే లేకపోతే ఆ రోజు కట్టేదాన్ని కాదు. కరియ ఒకసారి తల తిప్పి నా మణికట్టు వైపు చూసింది, మళ్లీ సంగటిలో మూతి పెట్టింది.

పట్టీ కట్టాక మంద మధ్యకే నడిపించేదాన్ని, దూరంగా కాదు. పట్టీతో గొర్రెల దగ్గరికి పోవడం, పట్టీతో తొట్టి దగ్గర నీళ్లు తాగడం, పట్టీతోనే పడుకోవడం. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. తాడు బిగబట్టి లాగితే కుక్క రొమ్ము పెట్టి ఇంకా ముందుకు తోస్తుంది, బండెద్దు కాడిని తోసినట్టు. ఆపాలంటే లాగకూడదు. నిలబడి, తాడు రవంత వదలాలి. తోయడానికి బరువు లేకపోతే అదే ఆగుతుంది.

సూదులు పూర్తయ్యాయి. అదే వారంలో పక్క ఊళ్లో ఒక ఆవు నురుగు కక్కుతూ గోడకు తల కొట్టుకుని చచ్చిపోయిందని, దాన్నీ ఆ తోడేలే కరిచిందని కబురు వచ్చింది. నేను పోయి చూశాను. అనుమానం లేదు. తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి ముందు జనం. ఎవరూ అరవలేదు. ఊరికే నిలబడి నన్ను చూశారు.

నడివీధి

వలస పోయే రోజు పొద్దు పొడిచేసరికి ఎవరూ చెప్పకుండానే వీధి అరుగుల మీద మగవాళ్లు కట్టెలతో కూర్చున్నారు. పిల్లలను లోపల పెట్టి తలుపులు వేశారు.

మంద ముందు నాగప్ప నడవాలి. గొర్రెలు అతని గొంతు వెంటే వస్తాయి. వెనక కెంచమ్మ గాడిదను తోలాలి. దాని మీద సామాన్లు, రాత్రి మంద చుట్టూ కట్టే వలలు, నడవలేని గొర్రెపిల్లలు. కరియ ఎప్పుడూ మంద వెనకే నడుస్తుంది. మరి పట్టీ పట్టుకునేదెవరు? మౌలాలి ముందుకు వచ్చాడు. వద్దన్నాను. సూదులు వేసిన చెయ్యి అది. పట్టీ నేనే తీసుకున్నాను.

వీధి సగం వరకు ఏమీ జరగలేదు. గొర్రెల గిట్టల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఒక సందులోంచి ఊరకుక్కలు రెండు మొరుగుతూ వచ్చాయి. గొర్రెలు బెదిరి ముద్దగా ఆగిపోయాయి. కరియ బిగుసుకుంది. దాని మెడ మీది వెంట్రుకలు, గాయం మానిన చోట తప్ప, అన్నీ లేచాయి. రొమ్ముతో తోసింది. పట్టీ తాడు నా అరచేతిని కోసుకుపోతోంది. అరుగుల మీద మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో కట్టెతో నేలను కొట్టారు.

నా ఒళ్లంతా లాగమనే అంటోంది. నిలబడి తాడు వదిలాను, ఒక మూరెడు.

కరియ ముందుకు తూలి ఆగింది. ముందు నుంచి నాగప్ప "ట్రూ, ట్రూ" అని మందను పిలిచాడు. గొర్రెలు కదిలాయి. కరియ ఊరకుక్కల వైపు ఒకసారి చూసి, గొర్రెల వెంట నడిచింది. నేను దాని వెంట నడిచాను.

చివరి ఇంటి దగ్గర చిన్నపరెడ్డి దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆగు డాక్టరమ్మా. ఆవు చచ్చిపోయింది గదా. దీనికి రాదని నువ్వు గ్యారంటీ ఇస్తావా?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. ఒక్క మాటతో పక్కకు జరుగుతాడు.

"ఇవ్వలేనండి. సూదులన్నీ వేశాం. రాకపోవచ్చు. కానీ గ్యారంటీ ఇవ్వలేను. అందుకే చేతిలో పట్టుకుని నడిపిస్తున్నా."

అతను నన్ను చూశాడు, నా అరచేతిలోని నెత్తురు చూశాడు, పట్టీ చూశాడు. పక్కకు జరిగాడు. "మల్ల ఈ ఊరికి తోలుకురావద్దండి, అది బాగుండాదని తేలేదాకా," అన్నాడు కెంచమ్మతో.

పొలిమేర

తర్వాత ఆ కుక్క ఏమైందని ఈ సంగతి వినే ప్రతివాళ్లూ అడుగుతారు. నాకు తెలియదు. వానలు పడి మందలు తిరిగి రాకముందే నాకు కదిరి వైపు బదిలీ అయింది. ఈ ఉద్యోగంలో సగం కేసుల చివర మనకు తెలియదు. పశువు మన చేతిలో ఉన్నంతసేపు చేయాల్సింది చేయడం, తెలియనిదాన్ని తెలియదని చెప్పడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి. తెలియకుండా నిద్రపోవడం నేర్చుకోవాలి. నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ రోజు పొలిమేర రాళ్ల దగ్గర నాగప్ప మందను ఆపి వెనక్కి వచ్చాడు. రాబోయే నెలల్లో ఏం కనిపెట్టాలో చెప్పాను. గొంతు మారితే, నీళ్లు మింగలేకపోతే, దవడ వేలాడితే, ఊరికే గాలిని కొరుకుతుంటే దగ్గరికి పోవద్దన్నాను. చెట్టుకు కట్టి, దగ్గరి ఆసుపత్రికి కబురు పెట్టమన్నాను. పట్టీ రోజూ సాయంత్రం విప్పి కింద చర్మం చూడమన్నాను. అతను ప్రతిదానికీ తల ఊపాడు.

"దావలో దానికి వస్తే?" అన్నాడు చివరికి. "ఆసుపత్రి యాడా లేకుంటే?"

చెప్పవలసిన మాట తెలుసు. అది చెప్పకుండా వంగి కరియ రొమ్ము కింది ముడి ఇంకోసారి సరిచూశాను.

నాగప్ప నా చేతిలోంచి పట్టీ తాడు తీసుకుని తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు.

"నువ్వు చెప్పొద్దులే తల్లీ. వస్తే నేనే సంపుతా. వేరేవాళ్ల కట్టెలకు మాత్రం ఇయ్యను."